తొమ్మిదో ముక్క

కువైట్‌లో, రిగ్గైలోని ఆ రెండు గదుల ఫ్లాట్లో, బీరువా మీద ఒక నీలం సూట్‌కేసు ఉంది. అందులో పెళ్ళి ఆల్బమ్, డిగ్రీ సర్టిఫికెట్లు, గడువు తీరిన పాస్‌పోర్టులు, అన్నిటికీ అడుగున గోధుమరంగు కవర్లో రాజా ఛాతీ ఎక్స్‌రే. ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయని రుజువు చేసుకోకుండా గల్ఫ్ విమానం ఎక్కనివ్వరు కనుక, ఇలాంటి కవరు లేని తెలుగు ఇల్లు కువైట్‌లో వెతికినా దొరకదు. పారెయ్యడానికి ఎవరికీ చెయ్యి రాదు. ఎప్పుడు ఎవరు ఏ కాగితం అడుగుతారో ఎవరికి తెలుసు?

రాజా ఎక్స్‌రే మాత్రం ఇక ఎవరికీ చూపించడానికి పనికిరాదు. ఊపిరితిత్తులు ఉండాల్సిన చోట ఎనిమిది, భుజం పక్కన ఒకటి, కత్తెరతో తీర్చి కోసిన తొమ్మిది కిటికీలున్నాయి. కోసిన ముక్కల్లో ఎనిమిది అదే కవర్లో రబ్బరు బ్యాండు చుట్టి ఉన్నాయి. తొమ్మిదోది లేదు.

రాజా భార్య వెంకటదుర్గ ఆ కవరు తెరిచి మూడేళ్ళు కావస్తోంది. అయినా ఆ కిటికీలు ఆమెకు కనపడని రోజు లేదు. బోర్డు మీద రాస్తూ వెనక్కి తిరిగినప్పుడు కనిపిస్తాయి, వంటింట్లో ఎండ నేల మీద నలుచదరంగా పడ్డప్పుడు కనిపిస్తాయి. రెండుసార్లు ఆ కవరు చెత్తసంచిలో వేసింది. రెండుసార్లూ భవనం కాపలా చూసే హారిస్ ఆ సంచి కిందికి పట్టుకెళ్ళకముందే పరుగెత్తి తీసుకొచ్చుకుంది. పోయినవాళ్ళు దయ్యాలై పట్టుకుంటారని వింటాం. సులైబియా గోడౌన్లో లారీల సరుకు దింపించుకుంటూ నిక్షేపంలా ఉన్న మొగుడి పక్కటెముకలే దయ్యాలై పట్టుకోవడం ఈవిడకే చెల్లింది.

"నా గుండెకాయ నీ సూట్‌కేసులోనే ఉందే, జాగ్రత్త," అని మొదట్లో రాజా వేళాకోళమాడేవాడు. ఆమె ముఖం చూసి మానేశాడు. ఎందుకు మానెయ్యాల్సి వచ్చిందో అతనికి తెలియదు.

దుర్గది కోనసీమలో రాజోలు దగ్గర పల్లెటూరు. పెళ్ళయ్యాక వచ్చింది, పద్నాలుగేళ్ళయింది. ఒక ఇండియన్ స్కూల్లో ఆరు నుంచి తొమ్మిది తరగతులకు సైన్సు చెబుతుంది. మంచి టీచరు. ఆ మాట ఆమె చెప్పుకోదు, పిల్లలు చెబుతారు. సౌరకుటుంబం పాఠం వస్తే పుస్తకం మూసేసి అందరినీ గ్రౌండులోకి తీసుకెళ్ళేది. బాస్కెట్‌బాల్ పట్టుకుని నిలబడ్డ పిల్లాడు సూర్యుడు, గసగసాల గింజంత బుధుడు, మిరియం గింజంత భూమి. ఆ లెక్కన నెప్ట్యూన్ స్కూలు గోడ దాటి రోడ్డవతల ఎక్కడో నిలబడాలని తెలిసి పిల్లలు గోలగోలగా నవ్వేవారు. మూడేళ్ళుగా ఆ పాఠం ఆమె పుస్తకంలోంచే చదివి ముగిస్తోంది.

మొన్న సెప్టెంబరులో చంద్రగ్రహణం వచ్చి వెళ్ళాక ప్రిన్సిపాల్ మేడం టీచర్లందరినీ కూర్చోబెట్టింది. గ్రహణం రోజు తల్లిదండ్రులు ఫోన్లు చేసి అడిగిన ప్రశ్నలకి స్కూల్లో ఒక్కరికీ సరైన జవాబు తెలియలేదని ఆవిడకి చిన్నతనంగా ఉంది.

"నెట్ నిండా కుప్పలు కుప్పలుగా ఉంది. ఏది మంచిదో ఏది చెత్తో మనకి తెలీదు," అంది. "దుర్గా, పిల్లలకీ టీచర్లకీ పనికొచ్చేవి ఏరి ఒక ఫైలు చెయ్యి. సైట్లు, వీడియోలు, యాప్‌లు, చార్టులు. పిల్లలతో కూడా చదివించి చూడు, వాళ్ళకి అర్థం కానిది మనకెందుకు? రెండువేల ఇరవై ఏడు ఆగస్టులో సూర్యగ్రహణం కూడా ఉందట. అది ఎలా చూపించాలో ముందు పేజీలోనే ఉండాలి."

ప్రైమరీ తరగతుల మెర్సీ, కాకినాడ అమ్మాయి, వెనక వరసలోంచి అందుకుంది. "దానికేముందండి మేడం. అందరిళ్ళలోనూ మెడికల్ ఎక్స్‌రేలు పడున్నాయి కదండీ. చిన్నప్పుడు మేమూ వాటితోనే చూశామండి. మాకేం కాలేదు."

అవునవును అన్నట్టు తలలూగాయి. పాతికమందిలో ఒక్కరూ కాదనలేదు. కాదనాల్సిన మనిషి మూడో కుర్చీలో కూర్చుని ఉంది.

అసలు దుర్గకి సైన్సు పిచ్చి పట్టిందే ఎక్స్‌రే ముక్కతో. తొంభై అయిదులో, దీపావళి మర్నాడు పొద్దున్న సూర్యగ్రహణం. దుర్గకి పదేళ్ళు. ఊరు ఊరంతా తలుపులు బిడాయించుకుని, ఆవకాయ జాడీల మీద దర్భలు వేసుకుని కూర్చుంది. బడిలో సైన్సు మాస్టారొక్కరే ఎవరిదో విరిగిన కాలి ఎక్స్‌రే పట్టుకుని, వచ్చిన పదిమంది పిల్లలకీ తలా ఒక్క చూపు చూపించారు. అంచు కొరికిన అప్పడంలా ఉన్న సూర్యుణ్ణి చూసిన ఆ ఒక్క క్షణం ఆమెను పట్టుకుని కువైట్ దాకా లాక్కొచ్చింది. లోకంలో తలుపులేసుకునేవాళ్ళు, బయటికొచ్చి చూసేవాళ్ళు అని రెండు రకాలున్నారని, తాను రెండో రకమని ఆమె ఆరోజే తేల్చేసుకుంది. ఆ గర్వం ఉందే, అదే కొంప ముంచింది.

ఇరవై రెండులో మళ్ళీ సరిగ్గా దీపావళి మర్నాడే గ్రహణం. ఇక్కడ స్కూళ్ళకి సెలవిచ్చారు. పిల్లలు గంప కింద కోడిపిల్లల్లా ఫ్లాట్లలో కూర్చోవడం చూసి దుర్గకి ఒళ్ళు మండింది. హారిస్ దగ్గర మేడ తాళం తీసుకుంది. సూట్‌కేసులోంచి మొగుడి ఎక్స్‌రే తీసింది. నల్లగా ఉన్న చోటే కొయ్యాలని ఆమెకు తెలుసు. ఊపిరితిత్తుల నలుపులోంచి ఎనిమిది ముక్కలొచ్చాయి. భవనంలో పిల్లలు తొమ్మిదిమంది. ఆఖరి ముక్క భుజం ఎముక పక్కనుంచి కోసింది.

అది మూడో అంతస్తు మిస్బాకి వచ్చింది. మిస్బాకి అప్పుడు పదకొండేళ్ళు. కడప జిల్లా వాళ్ళు, తండ్రి అన్వర్ బాషా కార్ల షోరూంలో డ్రైవరు, తల్లి హమీదా బీ ఇంట్లోనే బట్టలు కుడుతుంది. దుర్గ క్లాసులో ముందు బెంచీ పిల్ల.

"నాది కొంచెం పల్చగా ఉంది మిస్," అంది మిస్బా.

"పర్లేదమ్మా. కంటికి అడ్డం పెట్టుకునే చూడు. పక్కకి మాత్రం తియ్యకు."

పది నిమిషాలకోసారి చూసి, సూర్యుడు ఎంత కొరుక్కుపోయాడో కాగితం మీద బొమ్మ వెయ్యాలి. అదీ పని. ఎనిమిదిమందికి అరగంటలో మోజు తీరిపోయింది. ముక్కలు టీచరు చేతికిచ్చేసి నీళ్ళట్యాంకుల మధ్య దాగుడుమూతలకి దిగారు. మిస్బా ఒక్కతే డిష్ యాంటెన్నా పక్కన కూర్చుని, ఒంటిగంటన్నర నుంచి మూడున్నర దాటేదాకా ఆ కంటితోనూ ఈ కంటితోనూ మార్చి మార్చి చూసింది. పద్నాలుగు సూర్యుళ్ళు వేసింది. దుర్గ ఆ కాగితం ఫోటో తీసి స్టాఫ్ గ్రూపులో పెట్టింది. పద్నాలుగు చప్పట్లొచ్చాయి.

మర్నాడు సాయంత్రం మెట్ల మీద కనిపించి, పుస్తకంలో చూసిన చోట అక్షరం కనపడటం లేదు మిస్, చుట్టుపక్కలవే కనపడుతున్నాయి అంది ఆ పిల్ల.

గ్రహణం ఎలా చూడాలో దుర్గ జీవితంలో మొదటిసారి నెట్‌లో వెతికింది ఆ సాయంత్రమే. రెండు నిమిషాలు పట్టింది. నమ్మదగ్గ పేజీ ప్రతిదాంట్లోనూ మొదటి పదివాక్యాల్లోనే ఉంది, ఎక్స్‌రే ఫిల్ము వాడకండి అని. అది వెలుగుని ఆపుతుంది కానీ కనపడని వేడి కిరణాల్ని ఆపదు. వెలుగు తగ్గింది కనుక కళ్ళకి మిరుమిట్లు అనిపించదు, రెప్ప వెయ్యబుద్ధి కాదు. లోపలి పొర కాలుతుంది, నొప్పి తెలియదు. అట్టకి సూదితో చిల్లు పొడిచి ఎండని కాగితం మీద పడనిస్తే చాలు అని కూడా ఉంది. చిల్లుల గరిటె ఎండలో పట్టుకుంటే నేల మీద నలభై చిన్న చిన్న గ్రహణాలు పడతాయని ఉంది. దుర్గ వంటింట్లో చిల్లుల గరిటె స్టౌ పక్కన మేకుకి వేలాడుతోంది.

ఒకనాటి మాస్టారు తలా ఒక్క చూపే చూపించారు. ఆమె రెండు గంటలు చూపించింది. ఆ తేడా ఇప్పుడు అర్థమైంది.

డాక్టరు దగ్గరికి వెళ్ళొచ్చిన రోజు హమీదా బీ తలుపు తట్టింది. చేతిలో మూతపెట్టిన గిన్నె, అందులో సేమియా. దుర్గ తలుపు పట్టుకుని నిలబడింది. అన్నీ తెలిసిపోయాయి అనుకుంది. తెలిసిపోతేనే బాగుండు అని కూడా అనుకుంది.

"టీచరమ్మా, తప్పు మా పాపదే," అంది హమీదా బీ. కళ్ళు వాచి ఉన్నాయి. "ఎండను సూటిగా చూసినావా అని డాక్టరు ఒకటే అడిగినాడు. ఫిల్ము పక్కకి తీసి చూసినానని ఒప్పుకునింది. మీరు వద్దని చెప్పినారంట గదా. మాట వినల్యా. కుడి కంట్లో ఎక్కువ, ఎడమ కంట్లో కొంచెం, నడి మధ్యలో మచ్చ ఉండిపోతుందంట. మీరేం మనసులో పెట్టుకోవద్దండి. మీ పేరు నేను యాడా రానీలేదు."

చెప్పడానికి ఇంతకంటే మంచి సమయం రాదు. తలుపు తెరిచే ఉంది, మనిషి ఎదురుగా ఉంది, నిజం నోట్లో ఉంది.

"పర్లేదులెండి హమీదా గారూ," అంది దుర్గ. "పిల్లలు కదండీ."

అంతే. ఆ రెండు ముక్కలే అంది. మర్నాడు గిన్నె కడిగి, ఖాళీ గిన్నె తిరిగి ఇవ్వకూడదని అందులో పూతరేకులు పెట్టి పంపింది. మూడేళ్ళుగా ఆమెను పట్టుకున్నది ఎక్స్‌రేలోని ఎముకలు కాదు, ఆ పూతరేకులు.

ఇప్పుడీ ఫైలు మెడకు చుట్టుకుంది. ముందు పేజీలో గ్రహణం గురించి రాయాలి. ఎక్స్‌రే వాడకండి అని ఒక్క వాక్యం రాసి ఊరుకోవచ్చు. కానీ ఒక్క వాక్యానికి ఆగే మనుషులు కారు, మాకేం కాలేదుగా అంటారు, మెర్సీ అననే అంది. ఎందుకు వాడకూడదో, వాడితే ఏమైందో రాస్తేనే చేతులు ఆగుతాయి. రాస్తే మొదట చదివేది మిస్బా. ఎందుకంటే ఫైలు చదివి చూడ్డానికి పిల్లలెవరైనా రండి అనగానే తొమ్మిదో తరగతి నుంచి చెయ్యెత్తింది ఆ పిల్లే.

"నాకు చుక్కలంటే ఇష్టం మిస్. మీకు తెలుసు గదా," అంది, దుర్గ చెవి వైపు చూస్తూ. ఎవరితో మాట్లాడినా ఆ పిల్ల చూపు ముఖం పక్కనే వాలుతుంది. సూటిగా చూస్తే ముఖం ఉన్నచోట మచ్చ ఉంటుంది.

దుర్గ ముందు పేజీని చివరికి వాయిదా వేసి మిగతా పని మీద పడింది. పడటం అంటే మామూలుగా కాదు. సాయంత్రం టీ చల్లారిపోయేది, రాజా వచ్చి అన్నం తనే వండుకునేవాడు. మూడేళ్ళ కిందట రెండు నిమిషాలు వెతకని పాపానికి ఇప్పుడు మూడు వారాలు వెతికింది. ఏ పేజీ తెరిచినా ముందు సూర్యుణ్ణి చూడటం గురించి ఏం రాశారో చూసేది. అక్కడ తడబడినవాళ్ళు మిగతాది ఎంత అందంగా చెప్పినా కొట్టిపారేసేది. గ్రహణం కిరణాలు తగిలితే అన్నం విషమైపోతుందని ఊగిపోతున్న తెలుగు వీడియోకి లక్షల్లో చూపరులున్నారు. శనిగ్రహం చుట్టూ పూలు చల్లినట్టు తళతళలాడించిన యాప్ మూడో పాఠం దగ్గర కార్డు నంబరు అడిగింది. ఇంకొక చక్కటి చార్టుల పుస్తకంలో నెలవంక తిరగబడి ఉంది. తీరా చూస్తే భూమధ్యరేఖకి అవతలి దేశం వాళ్ళది. వాళ్ళకది నిజమే, మనకి కాదు.

బాగున్నవీ ఉన్నాయి. నెలరోజులు రోజూ చంద్రుణ్ణి బొమ్మ వెయ్యమని, పెన్సిలు తప్ప ఏమీ అక్కర్లేదని చెప్పిన రెండు పేజీల కాగితం ఆమెకి తెగ నచ్చింది. దాని కింద టీచరుకి వేరుగా రాశారు, పిల్లలు ఎక్కడ పొరబడతారో, ఏ ప్రశ్న అడుగుతారో, తెలియకపోతే తెలియదని ఎలా చెప్పాలో. ఆ ఆఖరి మాట దగ్గర దుర్గ చాలాసేపు ఆగిపోయింది.

మిస్బా సాయంత్రాలు వచ్చి ఒక్కొక్కటీ చదివేది. లాప్‌టాప్ తెరకి తల ఏటవాలుగా పెట్టి, వాక్యం పక్కన ఎక్కడో చూస్తూ. "ఇది చిన్నపిల్లలకి బాగుంది మిస్. ఇది మాకు తెలిసిందే. దీంట్లో అక్షరాలు చానా చిన్నవి." చిన్న అక్షరాలన్నప్పుడల్లా దుర్గ లేచి వంటింట్లోకి వెళ్ళేది. అక్కడ మేకుకి చిల్లుల గరిటె ఉండేది. మళ్ళీ వచ్చేసేది.

ఒక నక్షత్రాల చార్టు మంచిదో కాదో తేల్చాలంటే ఆకాశం కిందే తేల్చాలి. ధ్రువనక్షత్రం కువైట్లో మూడు పిడికిళ్ళ ఎత్తున ఉండాలి. చెయ్యి చాచి పిడికిలి మీద పిడికిలి పెట్టుకుంటూ కొలవడం. రాజోలులో అయితే పిడికిలిన్నర, కొబ్బరి మట్టల్లో ఎక్కడో ఇరుక్కుని ఉండేది. ఆ పరీక్షకి మేడ ఎక్కక తప్పదు. మూడేళ్ళలో దుర్గ ఒక్కసారి కూడా ఎక్కలేదు. బట్టలు కూడా బాల్కనీలోనే ఆరేసుకుంది.

పొద్దుగూకి మగ్రిబ్ నమాజు అయ్యాక మిస్బా వచ్చి పిలిచింది. దుర్గ ఆ పిల్ల వెనకే మెట్లెక్కింది. మేడ మీద అవే ట్యాంకులు, అదే డిష్ యాంటెన్నా. దాని పక్కన, ఆ రోజు మిస్బా కూర్చున్న చోటు. అక్కడ ఇంకా ఆ పిల్ల పదకొండేళ్ళ వయసుతో కూర్చుని పద్నాలుగో సూర్యుణ్ణి వేస్తున్నట్టే ఉంది. దుర్గ అటు తిరగకుండా నిలబడింది. పక్కనున్న తొమ్మిదో తరగతి పిల్ల మాత్రం చేతులు చాచి "ఒకటి, రెండు, మూడు. సరిపోయింది మిస్," అంది హుషారుగా.

వాయవ్యంలో సప్తర్షులు దిగుతున్నాయి. ఊరి దీపాల వెలుగులో ఏడూ కష్టం మీద తెలుస్తున్నాయి. మిస్బా చేతిలో కాగితం చదివింది. తోకలో రెండో చుక్క పక్కన మసకగా ఇంకొక చుక్క ఉంటుందట. పూర్వం అరబ్బులు కంటిచూపు పరీక్షకి దాన్నే చూపించమనేవారట.

"మేం దాన్ని అరుంధతి అంటాం," అంది దుర్గ. "పెళ్ళిలో చూపిస్తారు. మా పెళ్ళిలో పట్టపగలు చూపించారు. కనపడిందా అంటే కనపడిందండీ అన్నాను."

మిస్బా నవ్వింది. దుర్గ కళ్ళు చికిలించి ఎంత చూసినా ఆ చోట ఒక్క చుక్కే ఉంది.

"రెండున్నాయి మిస్. నాకు కనపడుతున్నాయి."

"నిజంగానా?"

"ఇదో, దీంట్లోనే రాసినారు. మసక చుక్కను సూటిగా చూస్తే కనపడదు, కొంచెం పక్కకి చూస్తే కనపడుతుందంట. కంట్లో నడిమధ్య కంటే పక్కన మసక వెలుగు బాగా తెలుస్తుందంట. పిల్లలకి నేర్చుకునేదానికి కొన్ని రోజులు పడుతుందంట మిస్." కాసేపాగి, ఎంతో తేలిగ్గా అంది. "నాకు ముందే వచ్చు. నేనెప్పుడూ అట్లనే గదా చూసేది."

దుర్గ గోడ పట్టుకుని కింద కూర్చుండిపోయింది. ఏమైంది మిస్ అంటే కళ్ళు తిరిగాయంది. ఆ పిల్ల పరుగెత్తి నీళ్ళు తెచ్చింది.

ఆ రాత్రి భోజనాల దగ్గర రాజాకి చెప్పింది, మొదటినుంచీ. అతను చేతిలో ముద్ద కంచంలో పెట్టేశాడు.

"నా ఎక్స్‌రేతోనా," అన్నాడు ముందు. తర్వాత, "ఇప్పుడు చెప్తే ఆ పిల్ల కళ్ళొస్తాయేంటే? వాళ్ళు కేసు పెడితే? నీ ఉద్యోగం పోద్ది, ఇక్కడ ఉండనిచ్చే ఇఖామా పోద్ది. ఖలాస్, మూటాముల్లే సర్దుకోవడమే."

"అవునండి."

"మరి?"

"ఆ పిల్ల తనే చెడగొట్టుకున్నానని అనుకుంటోందండి. మూడేళ్ళ నుంచి. నాకు ఇంకేం కనపడటం లేదు."

రాజా చెయ్యి కడుక్కొచ్చి, స్టూలు వేసుకుని బీరువా మీంచి సూట్‌కేసు దింపాడు.

మర్నాడు శుక్రవారం. దుర్గ ఆ కవరు పట్టుకుని మూడో అంతస్తుకి వెళితే హమీదా బీ కుట్టుమిషను ముందునుంచి లేచి వచ్చింది. "రాండి టీచరమ్మా, కూర్చోండి, చాయ్ పెడతా," అంది. దుర్గ కూర్చోలేదు. కవర్లోంచి ఎక్స్‌రే తీసి ఆమె చేతిలో పెట్టింది. హమీదా బీ దాన్ని ట్యూబులైటుకి ఎత్తిపట్టింది. తొమ్మిది కిటికీల్లోంచి తెల్లటి వెలుగు ఆమె ముఖం మీద పడింది.

"దీంతో చూపించాను మీ పాపకి," అంది దుర్గ. "ఇది అడ్డం పెట్టుకున్నా సరే కన్ను కాలుద్దండి. పక్కకి తీసినా తియ్యకపోయినా ఒకటే. పాప తప్పేం లేదు. నాకు ఆ మర్నాడే తెలిసింది. మీరు సేమియా పట్టుకొచ్చిన రోజుకి నాకు తెలుసు. చెప్పలేదు. భయపడ్డాను."

హమీదా బీ ఫిల్ము దించలేదు. మిషను మీద సగం కుట్టిన గౌను ఫ్యాను గాలికి కదులుతోంది.

"మూడేండ్లు," అంది చివరికి, ఎవరితోనో అన్నట్టు. "మూడేండ్లు తిట్టినా దాన్ని. అన్నం పెట్టేటప్పుడు తిట్టినా, జడ వేసేటప్పుడు తిట్టినా. పెద్దోళ్ళ మాట వినుంటే నీ కండ్లు బాగుండు గదే అని. నిన్న గూడా అన్నా."

లోపలిగది కర్టెను దగ్గర మిస్బా నిలబడి ఉంది. ఎప్పట్నుంచి ఉందో తెలియదు. వెనక్కి వెళ్ళి జామెట్రీ బాక్సు తెచ్చింది. అందులో, స్కేలు కింద, చిన్న ఫిల్ము ముక్క. మిగతా వాటికంటే పల్చన, మూలన ఎముక అంచు తెల్లగా. దాన్ని తల్లి చేతిలోని ఎక్స్‌రేలో భుజం దగ్గరున్న కిటికీలో పెట్టింది. అతికినట్టు సరిపోయింది.

"అయితే మిస్, నేను పక్కకి తీయకపోయినా ఇంతేనా?"

"ఇంతేనమ్మా."

"నేను తీయలేదు మిస్."

మిస్బా కిటికీలో పెట్టిన ముక్క మీంచి వేలు తియ్యలేదు.

"ఒక్కసారి గూడా తీయలేదు. మీరు చెప్పినట్టే చూసినా. కానీ డాక్టరు ఎట్లైంది, ఎట్లైంది అని అడుగుతా ఉన్నాడు. మీరు తప్పు చెప్పరు గదా. అందుకే నేనే ఎప్పుడో తీసింటా అనుకున్నా. తీసినానని చెప్పినా. చెప్పినాక నిజంగా తీసినట్టే గుర్తుకొస్తా ఉండె."

దుర్గకి ఏడుపు రాలేదు. వచ్చి ఉంటే నయంగా ఉండేది. మూడేళ్ళుగా తన భయం తనకొక్కదానికే ఉందనుకుంది. పై అంతస్తులో ఒక పిల్ల, టీచరు తప్పు చెప్పదన్న నమ్మకాన్ని నిలబెట్టడానికి, చెయ్యని తప్పుని రోజూ కొంచెం కొంచెంగా గుర్తుచేసుకుంటూ ఉంది.

"పోండి టీచరమ్మా," అంది హమీదా బీ. గొంతు పెంచలేదు. "ఇప్పుడు పోండి. ఇది నా దగ్గర ఉండనీ." ఎక్స్‌రేని కూతురి ముక్కతో సహా గుండెలకి ఆనించుకుని తలుపు వేసేసింది.

కేసు పెట్టలేదు. అలాగని మాట్లాడనూ లేదు. మెట్ల మీద దుర్గ ఎదురైతే హమీదా బీ గోడవైపుకి తప్పుకుంటుంది, ఆ తప్పుకోవడంలో కోపం కూడా కనపడదు. అన్వర్ బాషా సలాం చెప్పడం మానేశాడు. ప్రిన్సిపాల్ మేడం దుర్గ చెప్పిందంతా విని, మన స్కూల్లో జరిగింది కాదు కదా అని రెండుసార్లు అంది, ఇంటర్వ్యూలో అడిగినట్టు. ఈ ఏడాది గడవనీ, తర్వాత చూద్దాం అంది. ఆ మాటకి అర్థం దుర్గకి తెలుసు.

ముందు పేజీ మాత్రం రాసింది. అన్ని పేజీల్లోకీ అదే చిన్నది. ఇరవై రెండులో గ్రహణం రోజు ఒక టీచరు తొమ్మిదిమంది పిల్లలకి ఎక్స్‌రే ముక్కలిచ్చింది, ముందు రెండు నిమిషాలు వెతికి ఉంటే ఇచ్చేది కాదు, ఒకమ్మాయి రెండు కళ్ళలోనూ పోని మచ్చ ఉంది, ఆ టీచరుని నేనే. కింద తన పేరు, తరగతి గది నంబరు. ఆ కింద చిల్లుల గరిటె బొమ్మ. స్టాఫ్ రూములో మెర్సీ అది చదివి, కుర్చీ జరుపుకుని వచ్చి పక్కన కూర్చుంది. "మా ఇంట్లోవి మూడున్నాయండి. ఇవాళే పారేస్తాను," అంది.

పిల్లలు చదివి చూడ్డానికి ఇచ్చిన కాపీ నాలుగో రోజున తిరిగొచ్చింది. మిస్బా తెచ్చింది. ఇంటికి రావడం మానేసిన పిల్ల స్టాఫ్ రూము గుమ్మంలో నిలబడి, లోపలికి రావచ్చా మిస్ అని అడిగింది.

"బాగుంది మిస్. అక్షరాలు పెద్దగా ఉన్నాయి," అంది. "కానీ ముందు పేజీలో ఒక వాక్యం తక్కువుంది."

దుర్గ పెన్ను ఇచ్చింది. మిస్బా బల్ల మీదికి వంగి, తల ఏటవాలుగా పెట్టి, రాస్తున్న చోట కాకుండా కొంచెం పక్కకి చూస్తూ, నెమ్మదిగా రాసింది.

"ఆ అమ్మాయి ఫిల్ము ఒక్కసారి కూడా పక్కకి తీయలేదు. మిస్బా, తొమ్మిదో తరగతి."